కొండ దిగేవారికి తోడు బెర్నదెత్తమ్మ

ఏటా ఫిబ్రవరి 9, 10, 11 తేదీల్లో విజయవాడ గుణదల కొండ భక్తులతో నిండిపోతుంది. మన సదుం, పుంగనూరు, మదనపల్లె వైపు నుంచి అక్కడికి చేరాలంటే దాదాపు రాత్రంతా ప్రయాణమే. అయినా వెళ్తాం. తలనీలాలు ఇస్తాం, కొవ్వొత్తి వెలిగిస్తాం, మెట్లెక్కి మరియమాత ముందు బాధ చెప్పుకుంటాం. 1924లో ఇటలీ దేశపు గురువు ఫాదర్ అర్లాటి, గుణదల సెయింట్ జోసఫ్ అనాథాశ్రమం బాధ్యత చూస్తున్న రోజుల్లో, అక్కడ మాత స్వరూపాన్ని నెలకొల్పారు. నేడు మనం లూర్దుమాతగా కొలిచే ఆ తల్లి కథలో ఒక పేదపిల్ల ఉంది. కొండ ఎక్కేముందు ఆ పిల్ల జీవితం తెలుసుకుంటే మంచిది.

ఫ్రాన్సు దేశంలో పిరనీస్ పర్వతాల పాదాన ఉన్న చిన్న ఊరు లూర్దు. బెర్నదెత్ సుబిరూ 1844 జనవరి 7న అక్కడ పుట్టింది. తండ్రి నీటిమరలో పిండి ఆడించేవాడు. వ్యాపారం దెబ్బతిని మర చేజారింది. చివరకు ఆ కుటుంబం ఒకప్పుడు జైలుగా వాడి వదిలేసిన ఒంటిగదిలో తలదాచుకుంది. చిన్నప్పుడే కలరా సోకి బతికి బయటపడిన బెర్నదెత్‌ను ఉబ్బసం మాత్రం జీవితాంతం విడవలేదు. 14 ఏళ్లు వచ్చినా చదవడం రాదు. తమ ప్రాంతపు యాస తప్ప ఫ్రెంచి సరిగా రాదు.

1858 ఫిబ్రవరి 11న చెల్లెలితో, మరో స్నేహితురాలితో కలిసి ఏటి ఒడ్డున కట్టెలు ఏరడానికి వెళ్లింది. అక్కడ మసబియేల్ గుహలో తెల్లని వస్త్రాలు ధరించిన ఒక స్త్రీ ఆమెకు కనిపించింది. జూలై 16 వరకు మొత్తం 18 సార్లు ఆ దర్శనాలు కలిగాయి. ఒకరోజు ఆ స్త్రీ చూపినచోట బెర్నదెత్ చేత్తో మట్టి తవ్వితే ఊట బయటపడింది. పోలీసు అధికారి బెదిరించినా, విచారణ గురువు గద్దించినా, జనం ఎగతాళి చేసినా ఆమె మాట మార్చలేదు. ఇంట్లో తిండికి కటకటగా ఉన్నా, ఎవరు డబ్బు ఇవ్వబోయినా తీసుకోలేదు. నాలుగేళ్ల తర్వాత, 1862లో, పీఠాధిపతి ఆ దర్శనాలు నిజమని ప్రకటించారు.

ఆ ఊటనీటి కోసం లోకమంతా లూర్దుకు కదిలింది. బెర్నదెత్ ఉబ్బసం మాత్రం తగ్గలేదు. 1866లో ఆమె నెవేర్ పట్టణంలోని మఠంలో చేరింది. మళ్లీ లూర్దుకు తిరిగి రాలేదు. 1876లో గుహపై కట్టిన పెద్ద దేవాలయాన్ని ప్రతిష్ఠించినప్పుడు కూడా వెళ్లలేదు. మఠంలోని జబ్బు మనుషులకు సేవ చేసింది, తర్వాత తానే మంచం పట్టింది. క్షయ మోకాలి ఎముకకు పాకి ఎంతో బాధపెట్టింది. 1879 ఏప్రిల్ 16న, 35 ఏళ్ల వయసులో ఆమె కన్నుమూసింది. 1933 డిసెంబరు 8న తిరుసభ ఆమెను పునీతురాలిగా ప్రకటించింది. ఆ గౌరవం దర్శనాలు చూసినందుకు కాదు, జీవించిన తీరుకు.

ఇది మనం ఎందుకు గుర్తుంచుకోవాలి? కొండ ఎక్కినవారందరూ స్వస్థత పొంది దిగరు. లూర్దుకు లక్షలాది రోగులు వెళ్లారు. వైద్యులు పరిశీలించాక తిరుసభ అద్భుతాలుగా అంగీకరించినవి 70కి కొంచెం పైన మాత్రమే. జబ్బు తగ్గనివారిని చూసి, విశ్వాసం చాలలేదనో, ఏదో పాపం అడ్డుపడిందనో మన సంఘాల్లో కొందరు అనేస్తుంటారు. రోగి మీద రోగం చాలదన్నట్టు నేరం కూడా మోపడమే అది. ఊటను తవ్విన చేతికే స్వస్థత దొరకలేదు. ఆమె విశ్వాసాన్ని ఎవరు తప్పుపట్టగలరు?

ప్రార్థన చేస్తున్నాం కదా అని మందులు మానేయడం కూడా పొరపాటే. బెర్నదెత్తమ్మను బలిగొన్న క్షయకు చికిత్స చేయడానికే పలు క్రైస్తవ మిషన్లు చేతులు కలిపి 1915లో మన మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం ఆసుపత్రిని తెరిచాయి. క్షయ ఇప్పుడు మందులతో నయమయ్యే జబ్బు. మాత్రలు మధ్యలో ఆపకుండా పూర్తిగా వాడాలి. డాక్టరును నమ్మితే దేవుణ్ణి నమ్మనట్టు కాదు.

1992లో రెండవ జాన్‌పాల్ పోపుగారు ఫిబ్రవరి 11ను ప్రపంచ వ్యాధిగ్రస్తుల దినంగా నిర్ణయించారు. ప్రియ సహోదరీ సహోదరులారా, ఈసారి గుణదల నుంచి తిరిగివచ్చాక, మెట్లెక్కలేక ఇంట్లోనే ఉండిపోయిన ఒక్కరినైనా మన విచారణలో పలకరిద్దాం. ఎందుకు తగ్గలేదని అడగవద్దు. కాసేపు పక్కన కూర్చుందాం, మందులు అయిపోయాయేమో కనుక్కుందాం, వారితో కలిసి ప్రార్థిద్దాం.