ఆచార్య సతీశ్ ధవన్

అంతరిక్షానికి తొలి బాట వేసినవి యుద్ధం కోసం పుట్టిన క్షిపణులు. లండన్ నగరంపై జర్మనీ ప్రయోగించిన వి-2 రూపకర్త వాన్ బ్రౌన్, అనంతరం అమెరికాలో మానవులను చంద్రుని వద్దకు చేర్చిన శాటర్న్-5 నిర్మాణానికి నాయకత్వం వహించాడు. 1957లో స్పుత్నిక్‌ను మోసినది సోవియట్ ఖండాంతర క్షిపణి ఆర్-7. భారతదేశం వేరొక మార్గాన నడిచింది. ఆ మార్గదర్శకులలో ముఖ్యులు ఆచార్య సతీశ్ ధవన్.

ఆయన 1920 సెప్టెంబరు 25న శ్రీనగర్‌లో జన్మించారు. లాహోరులో గణిత, భౌతిక శాస్త్రాలు, ఆంగ్ల సాహిత్యం, ఆపై మెకానికల్ ఇంజనీరింగ్ చదివారు. చదువులను గ్రూపులుగా విడదీసుకొన్న మనకు ఈ కలయిక వింతగా తోచవచ్చు. అమెరికాలోని కాల్టెక్‌లో డాక్టరేట్ పొంది, 1951లో బెంగుళూరు భారతీయ విజ్ఞాన సంస్థలో చేరి, 1962లో దాని సంచాలకులయ్యారు.

1971 డిసెంబరు 30న విక్రమ్ సారాభాయ్ ఆకస్మికంగా మరణించారు. ఇస్రో బాధ్యత స్వీకరించమని ప్రధాని ఇందిరాగాంధీ కోరగా, విజ్ఞాన సంస్థ పదవిని విడువననీ, ఇస్రో కేంద్ర కార్యాలయం బెంగుళూరులో ఉండాలనీ ఆయన నియమం పెట్టారు. 1972 నుండి 1984 వరకు ఇస్రో అధ్యక్షులుగా పనిచేశారు.

పులికాట్ సరస్సుకూ బంగాళాఖాతానికీ నడుమనున్న శ్రీహరికోట 2022 వరకు మన నెల్లూరు జిల్లాలోనిదే. 1979 ఆగస్టు 10న అక్కడి నుండి ఎస్.ఎల్.వి.-3 పైకి లేచింది. దాని బరువు 17 టన్నులు. కక్ష్యకు మోయగలిగినది 40 కిలోలు. రెండవ దశ నియంత్రణ వ్యవస్థ విఫలమై అది సముద్రంలో కూలిపోయింది. ప్రాజెక్టు సంచాలకులు అబ్దుల్ కలాం. అయినా ధవన్ తామే విలేకరుల ముందుకు వచ్చి, ఆ వైఫల్య భారాన్ని తలకెత్తుకొన్నారు. 1980 జూలై 18న రోహిణి ఉపగ్రహం కక్ష్యలో చేరిన నాడు మాత్రం మాట్లాడే అవకాశాన్ని కలాంకు విడిచిపెట్టారు. పదవిలో ఉన్నవారు సాధారణంగా ఇందుకు విపర్యయంగా ప్రవర్తిస్తారు.

1982లో కలాం హైదరాబాదులోని రక్షణ పరిశోధన సంస్థకు వెళ్ళారు. 1989 మే 22న ఎగిరిన అగ్ని క్షిపణి మొదటి దశ, ఎస్.ఎల్.వి.-3 మొదటి దశయే. ఇతర దేశాలలో క్షిపణి రాకెట్టు కాగా, ఇక్కడ రాకెట్టు క్షిపణికి ఆధారమైంది. ఇస్రో మాత్రం పౌర సంస్థగానే నిలిచింది. ధవన్ కాలంలోనే, 1974లో, ఫ్రాన్సుతో కుదిరిన ఒప్పందం వలన ద్రవ ఇంధనపు వికాస్ ఇంజను మనకు సిద్ధించింది.

పక్షులు ఎగిరే తీరుపై కూడ గ్రంథం రచించిన ధవన్ 2002 జనవరి 3న కన్నుమూశారు. ఆ సెప్టెంబరులో శ్రీహరికోట కేంద్రానికి ఆయన పేరు పెట్టారు. 2023 జూలై 14న చంద్రయాన్-3ను మోస్తూ అక్కడి నుండి లేచిన ఎల్.వి.ఎం.-3 బరువు సుమారు 640 టన్నులు. దాని నడిమి దశలో మండినవి రెండు వికాస్ ఇంజన్లు.