కమోడోర్ గుడినఫ్ చివరి ఆజ్ఞ

సైనికుల జీవితాలను చెప్పుకొనేటప్పుడు సాధారణంగా వాళ్లు గెలిచిన యుద్ధాలను లెక్కపెడతాం. ఈ వారం మేము తలచుకోదలచిన బ్రిటిష్ నౌకాధికారి జేమ్స్ గ్రాహం గుడినఫ్ కూడా మూడు ఖండాల తీరాల్లో ఫిరంగుల మోత విన్నవారే. అయినా ఆయన పేరు నిలిచిపోయింది ఒక ప్రతీకారాన్ని జరగనివ్వనందుకు. ఆ మాట చెప్పే ముందు ఆయన నడిచిన దారి అంతా చూడాలి. అందులో మనం సంతోషించేవీ ఉన్నాయి, మనసు నొచ్చుకొనేవీ ఉన్నాయి.

గుడినఫ్ 1830 డిసెంబరు 3న ఇంగ్లండులోని సర్రే ప్రాంతంలో పుట్టారు. తాతగారు కార్లైల్ బిషప్. తండ్రి వెస్ట్‌మినిస్టర్ పాఠశాలకు ప్రధానోపాధ్యాయులుగా ఉండి, తర్వాత వెల్స్ కథెడ్రల్‌కు డీన్ అయ్యారు. అలాంటి ఇంటి బిడ్డ పాదిరి అవుతాడని ఎవరైనా అనుకుంటారు. ఈయన మాత్రం 1844లో, పద్నాలుగేళ్లు నిండకుండానే నౌకాదళంలో చేరారు. మొదటి నాలుగేళ్లు పసిఫిక్ సముద్రంలో కాలింగ్‌వుడ్ అనే యుద్ధనౌక మీద గడిచాయి. తర్వాత సైక్లాప్స్ అనే ఆవిరి నౌక మీద ఆఫ్రికా పడమటి తీరానికి పంపారు. అక్కడ నౌకాదళం పని బానిస ఓడలను పట్టుకోవడం.

ఆ పని సంగతి కొంచెం వివరంగా చెప్పుకోవాలి. మనుషులను కొని అమ్మే వ్యాపారాన్ని బ్రిటన్ 1807లో చట్టం చేసి నిషేధించింది. విల్బర్‌ఫోర్స్, క్లార్క్‌సన్ వంటి విశ్వాసులు ఇరవై ఏళ్లు పట్టు వదలకుండా పోరాడితే వచ్చిన చట్టం అది. మరుసటి ఏడే ఆఫ్రికా పడమటి తీరంలో గస్తీ మొదలైంది. 1860ల వరకు సాగిన ఆ గస్తీలో సుమారు 1,600 ఓడలు పట్టుబడ్డాయి, దాదాపు 1,50,000 మంది విడుదల పొందారు. మలేరియా, పచ్చజ్వరం సోకి వందలాది నావికులు ఆ తీరంలోనే చనిపోయారు. విడుదలైన వాళ్లలో చాలామందిని సియెర్రా లియోన్‌లోని ఫ్రీటౌన్‌లో దించారు. అలా ఒక బానిస ఓడ నుంచి బయటపడిన శామ్యూల్ క్రౌథర్ అనే కుర్రవాడే తర్వాత ఆఫ్రికా జాతి నుంచి మొదటి ఆంగ్లికన్ బిషప్ అయ్యారు. గుడినఫ్ ఈ పనిలో ఉన్నది కొద్దికాలమే. అప్పటికి ఆయన ఇంకా ఇరవై నిండని యువకుడు. అయినా మనిషిని సరుకుగా మార్చే వ్యాపారం ఎలా ఉంటుందో ఆ వయసులోనే తెలుసుకోగల చోటు అది. ఆ వ్యాపారమే ఇంకో వేషంలో ఇరవై ఐదేళ్ల తర్వాత మళ్లీ ఆయనకు ఎదురు కాబోతోంది.

ఈ మధ్యకాలమంతా యుద్ధాలే. రష్యాతో జరిగిన యుద్ధంలో బాల్టిక్ సముద్రం మీద ఉన్నారు. 1856లో రాలీ అనే నౌక మీద చైనాకు బయలుదేరారు. 1857 డిసెంబరు చివర కాంటన్ నగరాన్ని పట్టుకున్న సేనల్లో ఆయన ఉన్నారు. 1858 మే నెలలో టాకూ కోటల మీద జరిగిన దాడిలో ఉన్నారు. 1860లో ఆ కోటలను రెండోసారి పట్టుకున్నప్పుడూ అక్కడే ఉన్నారు.

ఈ యుద్ధం గురించి మేము తప్పించుకొని మాట్లాడలేము. దాన్ని చరిత్రలో రెండో నల్లమందు యుద్ధం అంటారు. మన దేశంలో బీహారు, మాళవ ప్రాంతాల్లో పండిన నల్లమందు చైనాలో అమ్ముడుపోయేది. ఆ లాభం మీద తూర్పున బ్రిటిష్ వ్యాపారం ఎంతగానో ఆధారపడింది. యుద్ధం నడుమ 1858లో కుదిరిన ఒప్పందాలతో చైనాలో నల్లమందు దిగుమతి చట్టబద్ధమైంది. మిషనరీలు ఆ దేశం లోపలికి వెళ్లి సువార్త చెప్పుకొనే అనుమతి కూడా ఆ ఏటి ఒప్పందాలతోనే వచ్చింది. ఒక చేతిలో సువార్త, మరో చేతిలో నల్లమందు పట్టుకొని వచ్చారని చైనీయులు తర్వాత చాలాకాలం తలచుకున్నారంటే వాళ్లను తప్పుపట్టలేం. ఆఫ్రికా తీరంలో సంకెళ్లు తెంచిన నౌకాదళమే చైనా తీరంలో ఒక జాతిని మత్తుమందుకు తలవంచేలా చేసింది. గుడినఫ్ ఆజ్ఞ పాటించిన అధికారి. ఆజ్ఞ పాటించానన్న మాటతో బాధ్యత అంతా తీరిపోదని మనకు తెలుసు. ఆయన మంచితనం చెప్పుకొనేటప్పుడు ఈ పేజీని చింపివేస్తే అది సాక్ష్యం అనిపించుకోదు, పొగడ్త అవుతుంది.

1870లో ఫ్రాన్సుకూ జర్మన్ రాజ్యాలకూ యుద్ధం వచ్చింది. సెడాన్ చుట్టుపక్కల పల్లెలు నాశనమయ్యాయి, పొలాలు తొక్కుడుపోయాయి, చలికాలం ముంచుకొచ్చింది. అప్పటికి నౌకాదళంలో కెప్టెన్ హోదాలో ఉన్న గుడినఫ్ సహాయ నిధి తరఫున అక్కడికి వెళ్లి, ఆకలితో ఉన్న రైతు కుటుంబాలకు సాయం పంచే పనిలో దిగారు. యుద్ధం వెళ్లిపోయాక వెనక మిగిలే పల్లెను సైనికులు చాలా తక్కువగా చూస్తారు. ఆయన చూశారు.

1873లో ఆయనను కమోడోర్‌గా ఆస్ట్రేలియా కేంద్రానికి పంపారు. సిడ్నీ నుంచి దక్షిణ పసిఫిక్ దీవులన్నీ ఆయన బాధ్యత కిందికి వచ్చాయి. ఆయన ఎక్కిన నౌక పేరు పెర్ల్, అంటే ముత్యం.

ఆ రోజుల్లో క్వీన్స్‌లాండ్ చెరకు తోటలకూ ఫిజీ పత్తి తోటలకూ కూలీలు కావలసి వచ్చారు. ఓడలవాళ్లు మెలనేసియా దీవులకు వెళ్లి యువకులను పోగుచేసేవారు. కాగితం మీద దాని పేరు ఒప్పందం. కొందరు నిజంగానే ఇష్టపడి వెళ్లారు. ఎంతోమందిని మాత్రం పూసలు, గుడ్డలు చూపించి ఓడ ఎక్కించి అడుగున తోసేవారు. పడవలను ముంచి నీళ్లలో ఉన్నవాళ్లను ఎత్తుకుపోయిన సంగతులు కూడా ఉన్నాయి. 1871లో కార్ల్ అనే ఓడలో, ఎత్తుకొచ్చినవాళ్లు తిరగబడితే సుమారు డెబ్బైమందిని కాల్చి చంపి సముద్రంలో పడేశారు. బ్రిటిష్ పార్లమెంటు 1872లో ఈ అపహరణలను శిక్షించే చట్టం చేసింది. కాపలాకు సిడ్నీలో ఐదు చిన్న తెరచాప ఓడలు కట్టించారు. ఆ కాపలా అంతటికీ అధిపతి గుడినఫ్. ఆఫ్రికా తీరంలో పేరు బానిసత్వం, ఇక్కడ పేరు కూలి ఒప్పందం. మోసపోయి ఓడ అడుగున చిక్కుకున్నవాడికి ఆ తేడా ఏం తెలుస్తుంది?

ఫిజీ విషయంలోనూ ఆయన పాత్ర ఉంది. ఆ దీవులను బ్రిటన్ తీసుకోవాలా వద్దా అని విచారించడానికి నియమించిన ఇద్దరిలో ఆయన ఒకరు. తీసుకోవడమే మంచిదని ఇద్దరూ నివేదించారు. 1874 అక్టోబరు 10న ఫిజీ బ్రిటిష్ వలస అయింది. దీవుల ప్రజలకు తెల్ల వ్యాపారుల నుంచి రక్షణ దొరుకుతుందన్నది అప్పటి ఆశ. మరుసటి ఏడే ఓ యుద్ధనౌక ద్వారా వచ్చిన తట్టు వ్యాధి దాదాపు 40,000 మంది ఫిజీయుల ప్రాణాలు తీసింది. 1879లో మన దేశం నుంచి కూలీల ఓడలు ఫిజీకి వెళ్లడం మొదలైంది. 1903 నుంచి మద్రాసు రేవులో ఓడలెక్కినవాళ్లలో మన తెలుగువాళ్లు కూడా ఉన్నారు. ఐదేళ్ల ఒప్పందాన్ని వాళ్లు గిర్మిట్ అన్నారు. మెలనేసియా కుర్రవాళ్ల మెడ మీది కాడి మన పూర్వికుల మెడ మీదికి మారింది. ఆ గిర్మిట్‌ను రద్దు చేయించడానికి ఆ తర్వాత గట్టిగా పోరాడినవాళ్లలో సి.ఎఫ్. ఆండ్రూస్ కూడా ఒకరు. మంచి ఉద్దేశంతో వేసిన సంతకం ఎక్కడిదాకా వెళుతుందో గుడినఫ్ చూడలేదు. చూసేంత కాలం ఆయన బతకలేదు.

1875 ఆగస్టులో పెర్ల్ నౌక శాంతాక్రూజ్ దీవికి చేరింది. ఇప్పుడది సాలమన్ దీవుల దేశంలో భాగం. తెల్లవాళ్లంటే ఆ చుట్టుపక్కల భయమూ పగా రగులుతున్న కాలం. 1864లో అక్కడే బిషప్ ప్యాటిసన్ పడవ మీద బాణాలు పడి, ఆయనతో వచ్చిన ఇద్దరు యువ విశ్వాసులు చనిపోయారు. 1871లో దగ్గరలోని నూకాపు దీవిలో బిషప్ ప్యాటిసన్‌నే చంపేశారు. అంతకు ముందు కూలీల ఓడ ఒకటి ఆ దీవివాళ్లను ఐదుగురిని ఎత్తుకుపోయిందని, ఆ పగే కారణమని అప్పట్లో చాలామంది నమ్మారు. తర్వాత కొద్దివారాలకే రొసారియో అనే యుద్ధనౌక వచ్చి నూకాపు మీద ఫిరంగులు పేల్చింది. పగకు పగ, దానికి మళ్లీ పగ. ఆ గొలుసును తెంచి స్నేహం కలపాలని గుడినఫ్ ఆగస్టు 12న కొద్దిమందితో ఒడ్డుకు దిగారు. ఆ చోటు పేరు కార్లైల్ అఖాతం. తాతగారు బిషప్‌గా ఉన్న ఊరి పేరే అది.

మొదట అంతా సవ్యంగానే జరిగింది. సరుకులు ఇచ్చిపుచ్చుకున్నారు. తిరిగి పడవల దగ్గరికి వచ్చే సమయంలో కొద్ది గజాల దూరం నుంచి ఒకడు వదిలిన బాణం కమోడోర్ పక్కలో దిగింది. వెంటనే ఇంకొన్ని బాణాలు వచ్చాయి. మరికొందరు నావికులు గాయపడ్డారు. నౌక మీద ఫిరంగులున్నాయి, చేతుల్లో తుపాకులున్నాయి, నావికుల గుండెల్లో కోపం ఉంది. ఆ అఖాతం ఒడ్డున ఒక్క ప్రాణి మిగలకుండా చేయడానికి గంట చాలు. గుడినఫ్ ప్రతీకారంగా ఎవరి ప్రాణమూ తీయవద్దని ఆజ్ఞ ఇచ్చారు. దాడి జరిగిన చోట గుడిసెలు కాల్చడంతో పని ఆపేశారు. ఆ గుడిసెల్లోనూ ఎవరి కాపురమో ఉంది కాబట్టి అదీ దుఃఖకరమే. అయినా నూకాపు మీద జరిగినది ఇక్కడ జరగలేదు.

గాయం చిన్నదే. కొన్ని రోజుల తర్వాత ధనుర్వాతం మొదలైంది. ఒళ్లు విల్లులా వంగిపోయే ఆ జబ్బుకు అప్పట్లో మందు లేదు. ఇక లేవనని తెలిశాక ఆగస్టు 19న తనను పైడెక్కు మీదికి మోసుకెళ్లమన్నారు. నావికులందరినీ చుట్టూ పిలిచారు. తాను దేవుని ప్రేమలో సంతోషంగా ఉన్నానని చెప్పారు. పెద్దవాళ్లు చిన్నవాళ్లను కనిపెట్టుకొని ఉండాలని కోరారు. తనను కొట్టిన దీవివాళ్ల మీద కోపం పెట్టుకోవద్దన్నారు, వాళ్లకు మంచిచెడ్డలు తెలియవని, ఎప్పుడో ఒక మంచి క్రైస్తవుడు వాళ్ల మధ్య నివసించి నేర్పిస్తాడని చెప్పారు. మరునాడు, ఆగస్టు 20న, సిడ్నీ ఇంకా చాలా దూరం ఉండగా సముద్రం మీదే కన్నుమూశారు. ఆయన వయసు 44. చిన్న కొడుకు విలియంకు అప్పటికి ఎనిమిదేళ్లు. గాయపడిన యువ నావికుల్లో ఇద్దరు కూడా అదే జబ్బుతో పోయారు. ఉత్తర సిడ్నీలో సెయింట్ థామస్ సంఘం శ్మశానంలో ఆ ఇద్దరి మధ్య కమోడోర్‌ను పాతిపెట్టారు. ఆయన దినచర్య పుస్తకాన్ని భార్య విక్టోరియా మరుసటి ఏడు అచ్చు వేయించారు.

స్తెఫను మరణాన్ని ఎరిగిన మనకు ఆ డెక్కు మీది దృశ్యం కొత్త కాదు. అయితే ఒక మాట గమనించాలి. శాంతాక్రూజ్ ప్రజలకు మంచిచెడ్డలు తెలియవని గుడినఫ్ అనుకోవడం ఆ కాలపు తెల్లదొర ఆలోచనే. తమ బిడ్డలను ఎత్తుకుపోవడం తప్పని వాళ్లకు బాగా తెలుసు. కొన్నేళ్లకే ఆ దీవిలో నివసించి సువార్త చెప్పినవాడు ఐరోపావాడు కాడు. లాయల్టీ దీవుల నుంచి వచ్చిన మానో వడ్రోకల్, అంటే మరో దీవివాడే. ఈనాడు ఆ దీవుల్లో సంఘాలు నిండుగా ఉన్నాయి.

గుడినఫ్ జీవితం నుంచి మేము నేర్చుకొనేది ఇది. ఆయన తన కాలపు సామ్రాజ్యానికి అతీతుడు కాలేదు. చైనాలో ఆయన పోరాడిన యుద్ధానికి మేము సమర్థన వెతకము. కాని ఎదుటివాడిని నలిపేసే బలం పూర్తిగా తన చేతిలో ఉన్న గంటలో, తన ఒంట్లోనే బాణం దిగి ఉండగా, ఆయన చేయి వెనక్కి తీసుకున్నారు. బలం లేనివాడు ఊరుకుంటే దాన్ని ఓర్పు అంటాం. బలం ఉన్నవాడు ఊరుకుంటేనే దాన్ని క్షమాపణ అనగలం.

మన సంఘాల్లోనూ పెద్దల చేతిలో, ఉద్యోగం ఇచ్చేవాళ్ల చేతిలో, డబ్బు అప్పు ఇచ్చినవాళ్ల చేతిలో ఇలాంటి బలం ఉంటుంది. ఇటుక బట్టీలో అడ్వాన్సు కింద కుటుంబమంతా చిక్కుకుపోయినప్పుడు, ఏజెంటు మాట నమ్మి గల్ఫుకు వెళ్లిన ఆడబిడ్డ పాస్‌పోర్టు యజమాని దాచినప్పుడు, కాగితం మీద అది ఇప్పటికీ ఒప్పందమే. దాన్ని ఒప్పందంగానే చూస్తామా, ఓడ అడుగున ఉన్న మనిషి వైపు నుంచి చూస్తామా అన్నది మన ముందున్న ప్రశ్న. ఈ ఆదివారం ప్రార్థనలో అలాంటి కుటుంబాలను పేరుపేరునా తలచుకోమని, తర్వాత వెళ్లి వాళ్ల తలుపు తట్టమని సంఘాలను వేడుకుంటున్నాం.