నీటిబొట్టులో లోకమును గాంచిన బట్టల వర్తకుడు

గాదెలోని ధాన్యమునకు ముక్కుపురుగు పట్టుట మీరెల్లరు ఎరిగినదే. ఆ పురుగు ఎక్కడనుండి వచ్చును? గింజ చెడిపోయి తానే పురుగుగా మారునని పూర్వము అనేకులు తలంచిరి. అది నిజమా యని తన కన్నులతో పరీక్షించిన ఒక మనుష్యుని చరిత్ర ఇది.

హాలెండు దేశమందలి డెల్ఫ్ట్ పట్టణములో, బుట్టలల్లు ఒకని యింట, 1632లో ఆంటనీ వాన్ లీవెన్‌హుక్ జన్మించెను. చిన్నతనముననే తండ్రి మరణించెను. పదునారేండ్ల ప్రాయమున ఆమ్‌స్టర్‌డామ్ నగరమునకు పోయి బట్టలకొట్టులో పని నేర్చుకొనెను. 1654లో తిరిగి వచ్చి, వివాహము చేసికొని, సొంత కొట్టు పెట్టెను. అయిదుగురు బిడ్డలలో నలుగురు పసితనముననే చనిపోయిరి. మరియ యను కుమార్తె మాత్రమే మిగిలెను. 1666లో భార్యయు మరణించెను. అతడు గొప్ప చదువులు చదివినవాడు కాడు. పండితుల భాషయైన లాటిను ఎరుగడు.

బట్టల వర్తకులు నేతలోని పోగులను లెక్కించుటకు భూతద్దము వాడెడివారు. ఆంటనీ అంతకంటె మేలైన అద్దములను తానే చేసికొనెను. కందిగింజకంటె చిన్నదైన అద్దమును రెండు రేకుల నడుమ బిగించి, కంటికి దగ్గరగా పట్టుకొని చూచెడివాడు. నేటివరకు నిలిచియున్న వానిలో ఒకటి వస్తువును సుమారు 270 రెట్లు పెద్దదిగా చూపును.

డెల్ఫ్ట్ దగ్గరనున్న ఒక చెరువు నీరు వేసవిలో పచ్చబడుచుండెను. మంచువలన అట్లగునని పల్లెవారు చెప్పుకొనిరి. 1674లో అతడు ఆ నీటిని తెచ్చి చూడగా, పచ్చని పోగులు మెలికలు తిరిగియుండెను. వాని నడుమ మిక్కిలి చిన్న ప్రాణులు ఈదులాడుచుండెను. మిరియము నాలుకను ఏల మండించునో తెలిసికొనగోరి, 1676లో మిరియములు నానబెట్టిన నీటిని చూచెను. మంటకు కారణము దొరకలేదు గాని, అంతకంటెను చిన్నవైన ప్రాణులు లెక్కకు మించి కనబడెను.

ఈ సంగతిని లండనులోని రాయల్ సొసైటీ పండితులకు తన మాతృభాషలోనే వ్రాసి పంపెను. వారు నమ్మలేకపోయిరి. బట్టల వర్తకుని మాటకు విలువ యేమి? అయినను అతడు కోపపడలేదు, మాట మార్చుకొనలేదు. సంఘ కాపరులతో కూడ ఎనమండుగురు పెద్దమనుష్యులను పిలిచి, అద్దములో చూపించి, వారి సాక్ష్యమును వ్రాయించి పంపెను. లండనులో రాబర్టు హుక్ అను పండితుడు స్వయముగా ప్రయత్నించెను. మొదట ఏమియు కనబడలేదు. 1677 నవంబరులో ఆ ప్రాణులు కనబడగా అందరి సందేహము తీరెను. 1680లో ఆ సొసైటీవారు ఆంటనీని తమలో సభ్యునిగా చేర్చుకొనిరి.

అతడు ప్రతిదినము ఉప్పుతో పండ్లు తోముకొనెడివాడు. అయినను 1683లో తన పండ్ల సందులలోని పాచిని తీసి చూడగా, అందును ప్రాణులు కదలుచుండెను. తన దేశ జనులకంటె తన నోటిలోని ప్రాణులే యెక్కువని అతడు గ్రహించెను. రక్తములోని ఎర్రని కణములనుగూర్చియు వ్రాసెను. ముక్కుపురుగు సంగతియు తేల్చెను: గింజ పురుగుగా మారదు, తల్లిపురుగు పెట్టిన గ్రుడ్డునుండి పిల్లపురుగు పుట్టి, గింజ లోపలనే తిని పెరుగును. ఎంత అల్పమైన ప్రాణియైనను తన జాతి తల్లిదండ్రులనుండియే పుట్టునని, ఇందులో సృష్టికర్త జ్ఞానము కనబడుచున్నదని అతడు నమ్మెను.

1723 ఆగస్టు 26న, తొంబది యేండ్ల వయస్సులో, అతడు మరణించెను. డెల్ఫ్ట్‌లోని పాత దేవాలయమున అతనిని సమాధి చేసిరి. ఆ ప్రాణులలో కొన్ని రోగములు కలిగించునని అతడెరుగడు. పందొమ్మిదవ శతాబ్దములో పాశ్చరు, కోఖ్ మొదలగువారు దానిని రుజువు చేసిరి. నేడు మనము బిడ్డలకు నీరు కాచి యిచ్చుటకు కారణమదియే.

తోమా చూడక నమ్మలేదు. యోహాను సువార్త 20వ అధ్యాయములో అతని సంగతి చదువుడి. ప్రభువు అతనిని త్రోసివేయలేదు, చూపించెను. తన మాట నమ్మనివారిని ఆంటనీయు నిందింపక, రండి చూడుడని పిలిచెను. సత్యము తెలిసినవాడు ఓర్పుతో చూపించవలెను.