మల్లవిద్యా పరంపర – కోడి రామమూర్తి నాయుడుగారు

చీనాదేశపు మల్లవిద్యలకు దక్షిణ హిందూస్థానమునుండి వెడలిన బోధిధర్ముడే మూలపురుషుడని మనవారు గర్వముతో చెప్పుకొందురు. షావొలిన్ విహారపు గాథలును అట్లే వర్ణించుచున్నవి. కాని ఆయన పేర చెలామణి యగు వ్యాయామగ్రంథము పదునేడవ శతాబ్దమునాటిదని చరిత్రకారులు తేల్చిరి. 1930 ప్రాంతమున టాంగ్ హావో యను చీనా విద్వాంసుడు ఆ విహారమునకును, చెన్ వంశీయుల గ్రామమునకును స్వయముగా పోయి, వంశావళులను పరిశీలించి, తాయ్‌చీ విద్యకు ఆ గ్రామమే పుట్టినిల్లని వాదించెను. తన దేశపు విద్యకు పురాణగౌరవము తగ్గినను సత్యమైన మూలము దొరకిన చాలునని ఆయన యెంచెను.

పరదేశపు గురుపరంపరలో మనవాని పేరును వెదకు మనము, మన యింటి పరంపరను విచారించితిమా? ఉత్తరాంధ్రమున పుట్టి ఖండాంతరఖ్యాతి గాంచిన కోడి రామమూర్తి నాయుడుగారి చరిత్రము చదివినప్పుడెల్ల ఈ ప్రశ్న మనస్సును కలచుచుండును.

చీపురుపల్లినుండి రాజాము, పాలకొండల మీదుగా పోయిన వీరఘట్టము వచ్చును. నేడు పార్వతీపురం మన్యం జిల్లాలోనున్న ఆ యూరిలో 1880–90 సంవత్సరముల నడుమ నాయుడుగారు జన్మించిరి. చిన్ననాటనే తల్లి గతింపగా, తండ్రి వెంకన్న నాయుడుగారు కుమారుని విజయనగరమునకు పంపిరి. అచ్చట పోలీసు ఉద్యోగములోనున్న పినతండ్రి నారాయణస్వామిగారు ఆ బాలుని పెంచిరి. పుస్తకముకంటె తాలింఖానామీదనే అతనికి మక్కువ హెచ్చు. పినతండ్రి ఆ మక్కువను తెలిసికొని ప్రోత్సహించెను. పిమ్మట నాయుడుగారు చెన్నపట్టణము చేరి, సైదాపేటలో ఒక యేడు దేహపరిశ్రమ శిక్షణమును పొంది, విజయనగరమునకు తిరిగివచ్చి వ్యాయామోపాధ్యాయులైరి. ప్రాణాయామమును సైతము దీక్షతో అభ్యసించిరి. గ్రామపు గోదాలోని కుస్తీ, పాశ్చాత్యుల శిక్షణక్రమము, యోగులు నేర్పిన ఊపిరి నిగ్రహము, ఈ మూడును ఆయన దేహమున నేకమైనవి.

విజయనగరమున పొట్టి పంతులుగారను మిత్రుని తోడ్పాటుతో నాయుడుగారు సర్కసు సంఘమును నెలకొల్పి దేశమెల్ల తిరిగిరి. ఱొమ్మునకు చుట్టిన ఇనుపగొలుసును ఊపిరి పూరించి త్రెంచుట, ఏనుగును ఱొమ్ముపై నిలుపుకొనుట, రెండు మోటారుకార్లను గొలుసులతో పట్టి కదలనీయకుండుట, ఇవి ఆయన ప్రదర్శనములలో ప్రసిద్ధములు. వైస్రాయి మింటో తానే కారును నడిపి ఆయన బలమును పరీక్షించెనని చెప్పుదురు. పండిత మదనమోహన మాలవ్యగారు ఆయనను ప్రయాగకు రావించిరి. బాలగంగాధర తిలక్ మహాశయుడు ఆదరించెను. లండనులో అయిదవ జార్జి చక్రవర్తి దంపతుల యెదుట ఆయన తన బలమును ప్రదర్శించిరి. ప్రజలు ఆయనను కలియుగ భీముడనిరి. ఇంతటి బలశాలి శాకాహారియే. హిందూదేశీయులు దుర్బలులనియు, మాంసాహారులగు ఏలికలతో సరితూగలేరనియు పాలకులు ప్రచారము చేయుచున్న కాలమున, ఒక తెలుగువాని ఱొమ్మే వారికి ప్రత్యుత్తరమాయెను.

కాని కడపటి దినములు కష్టముతో గడచినవి. పుండు లేచి కాలు తీసివేయవలసివచ్చెను. ఏనుగును మోసిన ఆ దేహము, ఒడిస్సాలోని బలాంగీరున సంస్థానాధీశుని ఆశ్రయమున నుండి, 1942 జనవరిలో నేలకొరిగెను.

విశాఖపట్టణమున ఆయన విగ్రహము కలదు. శ్రీకాకుళపు క్రీడాంగణమునకు ఆయన పేరు కలదు. ఇవి యుక్తములే. అయినను, ఆయన పెరిగిన విజయనగరమునందే 1919 లో స్థాపితమైన సంగీత కళాశాలను చూడుడు. ఆదిభట్ల నారాయణదాసుగారు, ద్వారం వెంకటస్వామి నాయుడుగారు అచ్చట విద్య గఱపిరి. వారి శిష్యప్రశిష్యులు తమ గురువు పేరును, ఆ గురువునకు గురువు పేరును తడుముకొనక చెప్పగలరు. నాయుడుగారికి తొలిపట్టు నేర్పిన తాలింఖానా గురువు పేరును మనలో నెందరు చెప్పగలరు? పాట నేర్పినవానికి పీట వేసితిమి. పట్టు నేర్పినవానిని గోదా మట్టిలోనే విడిచితిమి.

అద్భుతబలము దైవదత్తమని సరిపుచ్చుకొనుట సులభము. అట్లు తలచినచో నేర్చుకొనవలసినది లేకపోవును. ఆ బలము పినతండ్రి ప్రోత్సాహమునను, గురువుల శిక్షణమునను, ప్రతిదినాభ్యాసమునను కలిగినదని గ్రహించినచో, మన పిల్లలకు త్రోవ కనబడును. కఱ్ఱసాము, గరిడీ ఎఱిగిన వృద్ధులు ఈ ప్రాంతపు గ్రామములలో నేటికిని కలరు. ఉత్సవదినమున వారి చేతిలో నొక రూకనుంచి పంపివేయుటతో మన ధర్మము తీరదు. వారెవరికడ నేర్చిరో, ఆ గురువెవరికడ నేర్చెనో అడిగి వ్రాసియుంచుట గ్రామపెద్దల విధి. ఊరి పాఠశాలలో వారిచేత పిల్లలకు సాము నేర్పించుట అంతకంటె ముఖ్యవిధి. అట్లు చేసిననాడే నాయుడుగారి ఋణమును కొంతయైన తీర్చినవారమగుదుము.