తుంగభద్ర వాటా తేల్చిన ఇంజనీరు

1945 దాకా హుసేన్ సాగర్ కట్ట దాటితే పాలన మారేది: అటు నిజాం సర్కారు, ఇటు మన సికింద్రాబాదులో ఇంగ్లీషు దొరలు. అట్లాంటి రెండు ప్రభుత్వాలు ఒక నదినే పంచుకోవలసి వస్తే? హైదరాబాదు పక్షాన ఆ పని నెత్తికెత్తుకున్న వారిలో ముఖ్యులు నవాబ్ అలీ నవాజ్ జంగ్ బహదూర్.

అసలు పేరు మీర్ అహ్మద్ అలీ. 1877లో హైదరాబాదులో పుట్టి, ఇంగ్లండులోని కూపర్స్ హిల్ కాలేజీలో ఇంజనీరింగు చదివొచ్చి, నిజాం రాజ్యానికి చీఫ్ ఇంజనీరయ్యారు. 1923-31 మధ్య మంజీర మీద నిజాంసాగర్ కట్టించారు. ఆ సంగతి నిజామాబాదు రైతు నడిగినా చెబుతాడు.

తుంగభద్ర కథ వేరు. ఎడమగట్టు రాయచూరు నిజాంది, కుడిగట్టు బళ్ళారి మద్రాసుది. రెండు దిక్కులా కరువే. ఆనకట్టకు రెండు గట్లూ కావాలాయె! ఒకరు కాదంటే రెండోవారికీ చుక్క దక్కదు. ఏళ్ళ తరబడి బేరం సాగి, 1944లో చెరి 65 టి.ఎం.సి.లకు ఒప్పందం కుదిరింది. 1945 ఫిబ్రవరిలో శంకుస్థాపన మాత్రం ఏ గట్టుకాగట్టే చేసుకున్నారు. ఆ పట్టింపు చూస్తే నవ్వొస్తుంది గానీ, లేచింది ఒకే ఆనకట్ట.

1949లో ఆయన పోయారు. కాలవల్లోకి నీళ్ళు 1953లో వచ్చాయి. 1956లో హైదరాబాదు రాష్ట్రమే లేకుండా పోయింది. ఆయన కొట్లాడి తెచ్చిన నీళ్ళు ఎక్కువభాగం ఇప్పుడు కర్ణాటకలోని రాయచూరు, కొప్పళ పొలాలకు పారుతున్నాయి. పూడిక పేరుకుని, 133 టి.ఎం.సి.ల జలాశయం సుమారు 105కు తగ్గింది. ఉన్నదాన్నే తుంగభద్ర బోర్డు ఏటా దామాషా కట్టి మూడు రాష్ట్రాలకు పంచుతోంది.