తరంగ తపస్వి - జగదీశ్ చంద్రబోస్

ఖమ్మం నుంచి కొత్తగూడెం, పాల్వంచల మీదుగా భద్రాచలానికి సాగే దారికి ఇరువైపులా అడవి విస్తరించి ఉంటుంది. టేకు, ఇప్ప, తునికి చెట్లు చిక్కబడినకొద్దీ సెల్‌ఫోన్‌లో మాట తెగిపోవడం ఆ అడవి అంచు పల్లెలకు కొత్త అనుభవం కాదు. కొండలూ, స్తంభాల మధ్య దూరమూ ఇందుకు కొంత కారణమైతే, పచ్చని ఆకులు మరికొంత కారణం. వార్తను మోసే తరంగానికీ, దారికి అడ్డమైన ఆకుకూ గల ఈ వైరాన్ని అర్థం చేసుకోవాలంటే, ఆ రెండింటినీ జీవితాంతం పరిశీలించిన ఒక మహాశాస్త్రజ్ఞుని చరిత్ర తెలుసుకోవాలి. ఆయనే ఆచార్య జగదీశ్ చంద్రబోస్.

బోస్ 1858 నవంబరు 30న, నేటి బంగ్లాదేశ్‌లోని మైమెన్‌సింగ్‌లో జన్మించారు. తండ్రి భగవాన్ చంద్రబోస్ ప్రభుత్వోద్యోగి. హోదా గల కుటుంబాలు తమ బిడ్డలను ఆంగ్ల పాఠశాలలకు పంపడమే గౌరవంగా భావించిన రోజులవి. ఆయన మాత్రం కుమారుణ్ణి మొదట మాతృభాషలో బోధించే బడికి పంపారు. అక్కడ బాలుని ప్రక్కన కూర్చున్నవారిలో ఒకరు తండ్రి వద్ద పనిచేసే ముస్లిం సేవకుని కుమారుడు, మరొకరు జాలరి బిడ్డ. పక్షులను గురించీ, జలచరాలను గురించీ వారు చెప్పే ముచ్చట్లు ఆ బాలుని మనస్సులో ప్రకృతి పట్ల తరగని జిజ్ఞాసను నాటాయి.

కలకత్తాలోని సెయింట్ జేవియర్ కళాశాలలో ఫాదర్ లాఫాంట్ బోధన ఆయనను భౌతికశాస్త్రం వైపు ఆకర్షించింది. 1880లో వైద్యవిద్యకై ఇంగ్లండు వెళ్ళారు. అనారోగ్యం వలన ఆ చదువు మాని, కేంబ్రిడ్జిలో ప్రకృతిశాస్త్రాలను అభ్యసించారు. అక్కడ లార్డ్ రేలీ వంటి గురువుల శిష్యరికం లభించింది. స్వదేశానికి తిరిగివచ్చి, 1885లో కలకత్తా ప్రెసిడెన్సీ కళాశాలలో ఆచార్యులుగా చేరారు. ఒకే కొలువులో ఉన్నా భారతీయులకు ఐరోపావారికంటే తక్కువ వేతనం ఇవ్వడం నాటి ఆచారం. బోస్ ఆ అవమానాన్ని సహించలేదు. పాఠాలు మానలేదు; జీతమూ ముట్టలేదు. తండ్రి అప్పులు తీర్చవలసిన భారం తమ మీద ఉన్నా, మూడేళ్ళపాటు ఆ దీక్షను వీడలేదు. చివరకు అధికారులే దిగివచ్చి పాత బకాయిలతో సహా పూర్తి వేతనం చెల్లించారు. ఆ ధనం తండ్రి ఋణవిమోచనకే వినియోగపడింది.

విద్యుదయస్కాంత తరంగాలు ఉంటాయని 1860వ దశకంలో మాక్స్‌వెల్ గణితం ద్వారా ఊహించారు. 1880వ దశకం చివర హెర్ట్జ్ ప్రయోగం ద్వారా వాటి ఉనికిని నిరూపించారు. అయితే ఆ తొలి తరంగాలు చాలా పొడవైనవి. చెరువులోని పెద్ద అల చిన్న గులకరాయిని లెక్కచేయకుండా సాగిపోతుంది. చిరు అల అదే రాయికి తగిలి చెదురుతుంది. తరంగాలు కాంతి వలె పరావర్తనం, వక్రీభవనం చెందే తీరును బల్లమీద ఉంచే చిన్న పరికరాలతో పరీక్షించాలంటే తరంగం కూడా చిన్నదై ఉండాలి. బోస్ ఈ రహస్యాన్ని గ్రహించారు. 1894లో, తమ ముప్పైయారవ జన్మదినాన ఈ పరిశోధనకు సంకల్పం చెప్పుకొన్నారు.

ఆయనకు సుసంపన్నమైన ప్రయోగశాల లేదు. కళాశాలలోని ఒక చిన్న గదే పరిశోధనాలయం. శాస్త్రం చదవని ఒక రేకుపనివాడే సహాయకుడు. అయినా 5 నుంచి 25 మిల్లీమీటర్ల పొడవు గల తరంగాలను సృష్టించారు. తరంగాల కంపన దిశను వడగట్టడానికి పుటల నడుమ తగరపు రేకులు పొదిగిన పుస్తకాన్నీ, ఆ దిశను త్రిప్పడానికి మెలివేసిన జనపనారనూ వాడారు. తరంగాన్ని నడిపించే లోహనాళాలనూ, కొమ్ము ఆకారపు గ్రాహకాలనూ రూపొందించారు. 1895లో కలకత్తా పురమందిరంలో ప్రజల సమక్షంలో, కంటికి కానరాని ఈ తరంగాలతో దూరాన ఉన్న గంటను మ్రోగించి, తుపాకిమందును పేల్చి చూపారు. 1896లో లండన్ విశ్వవిద్యాలయం ఆయనకు డాక్టరేట్ పట్టాను ప్రదానం చేసింది. 1897 జనవరిలో లండన్ రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో తమ పరికరాలను ప్రదర్శించి పండితుల ప్రశంసలందుకొన్నారు.

విజ్ఞానం అమ్ముకొనే సరుకు కాదని బోస్ విశ్వాసం. అందుచేత తమ పరికరాల నిర్మాణాన్ని దాచకుండా లోకానికి వెల్లడించారు. సోదరి నివేదిత, సారా బుల్ ప్రోద్బలంతో, సీస ఖనిజ స్ఫటికంతో చేసిన గ్రాహకానికి 1904లో అమెరికా పేటెంట్ లభించినా, దానివలన లాభం పొందే యత్నం చేయలేదు. ఇంతలో మార్కోని 1901లో అట్లాంటిక్ సముద్రాన్ని దాటి సంకేతాన్ని అందుకొన్నారు. దూరం వెళ్ళాలంటే పొడవైన తరంగాలే అనువైనవి కనుక లోకం ఆ మార్గాన్నే పట్టింది. బోస్ సృష్టించిన చిరుతరంగం దశాబ్దాల పాటు చాలావరకు పరిశోధనాలయాలకే పరిమితమైంది.

బోస్ దృష్టి అప్పటికే మొక్కల వైపు మళ్ళింది. తమ తరంగ గ్రాహకం ఎడతెగక పనిచేస్తే అలసినట్లు మందగించి, విశ్రాంతి తరువాత కోలుకోవడం ఆయనను ఆలోచింపజేసింది. లోహంలోనే ఇట్టి స్పందన ఉంటే, ప్రాణమున్న మొక్కలో ఎట్లుంటుందన్న ప్రశ్న ఉదయించింది. అత్తిపత్తి ఆకు ముడుచుకోవడాన్ని విద్యుత్ పరికరాలతో కొలిచారు. మొక్క పెరుగుదలను లక్షల రెట్లు పెద్దదిగా చూపే క్రెస్కోగ్రాఫ్‌ను నిర్మించారు. ఆయన నిర్ణయాలలో కొన్నింటిని నాటి శరీరధర్మ శాస్త్రజ్ఞులు తీవ్రంగా వ్యతిరేకించినా, ఆయన వెనుదీయలేదు. 1920లో రాయల్ సొసైటీ ఆయనను సభ్యునిగా ఎన్నుకొంది.

విస్మృతమైన చిరుతరంగానికి మరల మంచి రోజులు వచ్చాయి. సెల్‌ఫోన్లు పెరిగి పాత తరంగమార్గాలు క్రిక్కిరిసిపోగా, అధిక సమాచారాన్ని మోయగల విశాలమైన మార్గాలు మిల్లీమీటర్ తరంగాలలోనే లభించాయి. మన దేశంలో 2022 అక్టోబరు 1న 5జీ సేవలు ప్రారంభమయ్యాయి. వాటికై ఆ ఏడాది వేలం వేసిన వాటిలో 26 గిగాహెర్ట్జ్ శ్రేణి ఒకటి. ఆ తరంగం పొడవు సుమారు 11.5 మిల్లీమీటర్లు, అంటే బోస్ బల్లమీద పరీక్షించిన పరిమాణమే. అదే సంవత్సరం ప్రారంభమైన స్వదేశీ 5జీ పరీక్షావేదికను నిర్మించిన ఎనిమిది సంస్థలలో ఐఐటీ హైదరాబాద్ ఒకటి. మిల్లీమీటరు కంటే చిన్నవైన టెరాహెర్ట్జ్ తరంగాలను 6జీకి వినియోగించే పరిశోధనలు ప్రపంచమంతటా సాగుతున్నాయి.

అయితే గులకరాయికి చెదిరే చిరు అల ధర్మం మారదు. 700 మెగాహెర్ట్జ్ తరంగం మూరెడు పొడవుంటుంది; అది కొమ్మలను చుట్టి కొంత దూరం పోగలదు. మిల్లీమీటర్ తరంగానికి జానెడు టేకాకు సైతం అవరోధమే. ఆకులోని నీరు దానిని పీల్చుకొంటుంది, వాన బలహీనపరుస్తుంది. టెరాహెర్ట్జ్ తరంగానికి గాలిలోని తేమ కూడా ఆటంకమే. కనుక భద్రాచలం అడవులలోని కోయ పల్లెలకు పొడవైన తరంగమే ప్రధానాధారం. ఒక స్తంభం నుంచి మరొక స్తంభానికి అడ్డులేని చూపు ఉన్నచోట మాత్రం, గుట్ట మీది నుంచి గుట్ట మీదికి గాని, గోదావరికి ఈ గట్టు నుంచి ఆ గట్టుకు గాని, చిరుతరంగం విస్తారమైన సమాచారాన్ని చేరవేయగలదు. నగరానికి తగిన తరంగమే అడవికీ తగుతుందని భావించరాదు. ఆకును నరకకుండా, ఆకు స్వభావాన్ని ఎరిగి తరంగాన్ని ఎంచుకోవడమే వివేకం. ఆ ఎరుక లేకపోతే వేగవంతమైన సాంకేతికత నగరాలకే పరిమితమై, అడవి బిడ్డ చదువూ, రోగి ప్రాణమూ వెనుకబడిపోతాయి.

బోస్ 1917 నవంబరు 30న కలకత్తాలో బోస్ విజ్ఞాన మందిరాన్ని స్థాపించారు. 1937 నవంబరు 23న గిరిడీలో కన్నుమూశారు. ఆయన మిల్లీమీటర్ తరంగ ప్రయోగాలను చారిత్రక ఘట్టంగా గుర్తించి, 2012లో అంతర్జాతీయ ఇంజనీర్ల సంస్థ ఐఈఈఈ ప్రెసిడెన్సీ కళాశాలలో స్మారక ఫలకాన్ని ప్రతిష్ఠించింది. ఇరుకు గది, చాలని సాధనాలు, వివక్షతో కూడిన కొలువు ఆయన కృషిని ఆపలేకపోయాయి. జాలరి బిడ్డ ప్రక్కన కూర్చుని లోకాన్ని చూడటం నేర్చిన ఆ మహనీయుడు తాను సాధించిన జ్ఞానాన్ని లోకానికే విడిచిపెట్టారు. ఆ జ్ఞానఫలం అడవి చివరి గుడిసెకు సైతం అందినప్పుడే ఆయన ఋణం తీరుతుంది.