బొమ్మ నగరములను పేల్చిన మనిషి - ఎయిజి త్సుబురాయా

సినిమాలో ఓడ పేలి మునిగినపుడు హాలులో పిల్లలు కేకలు వేయుదురు. ఆ పేలినది బల్లమీద పట్టునంతటి బొమ్మ కావచ్చునని ఎవరికి తోచును? ఆ విద్యలో ఆరితేరినవారు జపాను దేశస్థులు ఎయిజి త్సుబురాయాగారు.

ఆయన 1901 జూలై 7న ఫుకుషిమా ప్రాంతములోని సుకగవ పట్టణములో జన్మించినారు. మూడేళ్ల వయసుననే తల్లి గతించినది. కుర్రవానికి విమానములంటే ప్రాణము. 1916లో హనేదాలోని విమాన విద్యాలయమున చేరినారు గాని, మరుసటి ఏడు స్థాపకుడు ప్రమాదములో మరణించగా బడి మూతపడినది. ఎగరవలసిన మనిషి 1919లో సినిమారంగము చేరి కెమేరా పట్టినారు. 1933లో "కింగ్ కాంగ్" చిత్రము చూచిన పిమ్మట ఇక బొమ్మలే ఆయన లోకము.

1942లో నౌకాదళము కోరికపై పెర్ల్ హార్బరు దాడిని చిత్రముగా తీసినారు. రేవు, యుద్ధనౌకలు, విమానములు చిన్న నమూనాలే. ఇట్టి నమూనాలలో కొద్దికొద్దిగా మందు కూరి, విద్యుత్తు తీగలతో వరుసగా అంటింతురు. ఐతే అసలు చిక్కు మందుతో కాదు, కాలముతో. 25 మీటర్ల ఎత్తునుండి రాయి పడుటకు రెండు సెకన్లకు పైగా పట్టును. ఒక మీటరు ఎత్తునుండి అర సెకను కూడ పట్టదు. కనుక బొమ్మమేడను ఉన్నదున్నట్లు తీసినచో అగ్గిపెట్టె కూలినట్లుండును. ఇరవై అయిదో వంతు నమూనాకు కెమేరాను అయిదు రెట్లు వేగముగా, అనగా సెకనుకు 120 బొమ్మలు పట్టునట్లు తిప్పి, హాలులో మామూలుగా 24 చొప్పున చూపవలెను. అప్పుడు పొగ బరువుగా లేచును, గోడ నిదానముగా ఒరుగును. గురి తప్పెనా, మేడ మళ్లీ కట్టుకొనవలసినదే!

ఆ చిత్రము యుద్ధ ప్రచారమే. దాచి లాభము లేదు. ఓటమి తరువాత, 1948లో, ఆక్రమణ సేనల ఉత్తరువుల మూలమున ఆయన తోహో స్టూడియో విడువవలసి వచ్చినది. ముగ్గురు బిడ్డల తండ్రి, ఇంటివద్దనే చిన్న ప్రయోగశాల పెట్టుకొని, తెరమీద పేరైనా పడని పనులు చేసి సంసారము ఈదినారు.

1954 మార్చిలో బికినీ దీవివద్ద అమెరికా పేల్చిన హైడ్రోజను బాంబు బూడిద జపాను జాలరుల మీద పడినది. ఆ నవంబరు 3న "గాడ్జిల్లా" విడుదలయినది. దర్శకులు ఇషిరో హోండా. టోక్యో దహనము మాత్రము త్సుబురాయాగారి చేతిపని. ఆ మృగము రైలుపెట్టెను నోట కరచుకొన్నపుడు, రైల్వేవాడినగుటచే కాబోలు, నా దృష్టి లోపలి ప్రయాణికుల మీదికే పోయినది. పన్నెండేళ్ల క్రిందట విజయముగా చూపిన మంటలను ఆయన ఈసారి కాలిపోవు ఊరివారి వైపునుండి చూపినారు.

1963లో సొంత సంస్థ పెట్టి, 1966లో టెలివిజనుకు "అల్ట్రామాన్" తయారు చేసినారు. 1970 జనవరి 25న ఇతో పట్టణములో కన్నుమూసినారు. ఈ విద్యకు చెందిన నమూనాలను భద్రపరచు భవనము 2020లో ఆయన పుట్టిన సుకగవలోనే తెరచినారు.